మాట ఎక్కడికి పోతుంది?

మన తెలుగులో మాటకు ఉన్నన్ని గండాలు మరి దేనికీ లేవు. మాట జారుతుంది, మాట తప్పుతుంది, మాట పెగలదు, మాట తడబడుతుంది, మాటా మాటా పెరుగుతుంది. వీటన్నిటికీ ఎంతో కొంత మనమే బాధ్యులం. కానీ ఒక్కోసారి మాట పడిపోతుంది. అందులో మాత్రం మన ప్రమేయం ఏమీ ఉండదు. రాత్రి శుభ్రంగా భోంచేసి, పొద్దున్న పాలవాడి లెక్క గురించి మాట్లాడి పడుకున్న మనిషి, తెల్లారేసరికి కుడి చెయ్యీ కాలూ కదపలేక, నోట మాట రాక మంచం మీద ఉండిపోతాడు.

అలాంటి మనిషిని చూడ్డానికి వచ్చినవాళ్ళు వేసే మొదటి ప్రశ్న ఏమిటో గమనించారా? "మనుషుల్ని గుర్తు పడుతున్నారా?" అని. అదైనా ఆయన్ని అడగరు. మంచం పక్కన నిలబడ్డ ఆయన భార్యని అడుగుతారు. ఆయన వాళ్ళిద్దరి మొహాల్లోకీ మార్చి మార్చి చూస్తూనే ఉంటాడు. కొందరు ఆయనకు చెవుడు వచ్చినట్టు గట్టిగా అరుస్తారు. కొందరు చంటిపిల్లాణ్ణి లాలించినట్టు ముద్దు మాటలు మొదలుపెడతారు. మొత్తం మీద మాట పోయింది కాబట్టి మతీ పోయిందని అందరూ ఒక నిర్ణయానికి వచ్చేస్తారు.

మెదడులో భాషకు సంబంధించిన భాగం దెబ్బతిని మాట పోవడాన్ని వైద్యులు అఫేసియా అంటారు. మాట లేకపోవడం అని అర్థం వచ్చే గ్రీకు పదం అది. 1864లో ట్రూసో అనే ఫ్రెంచి వైద్యుడు దాన్ని వాడుకలోకి తెచ్చాడు. ఈ జబ్బులో నాలికకు దెబ్బ ఉండదు, గొంతుకు దెబ్బ ఉండదు. మనసూ తెలివీ చాలావరకు ఉన్న చోటే ఉంటాయి. మరి మాట ఎక్కడికి పోయింది? పోయినదాన్ని తిరిగి రప్పించడం ఎలా? మొదటి ప్రశ్నకు జవాబు డాక్టర్లు వెతికారు. రెండోదానికి జవాబులో చాలా భాగం, నర్సింగు చదువు కూడా లేని మామూలు మనుషుల దగ్గర దొరికింది. అదీ ఇవాళ్టి కథ.

ఇంగ్లీషు భాషకు గొప్ప నిఘంటువు రాసిన డాక్టర్ శామ్యూల్ జాన్సన్ పేరు మీరు వినే ఉంటారు. 1755లో అచ్చయిన ఆ నిఘంటువులో 42 వేలకు పైగా మాటలున్నాయి. అలాంటి మాటల మారాజుకు 1783 జూన్ నెలలో ఒక రాత్రి, 73 ఏళ్ళ వయసులో, మాట పడిపోయింది. అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చింది. తలలో ఏదో గందరగోళం. దేవుడా, నా ఒంటిని ఏం చేసినా సరే, బుద్ధిని మాత్రం వదిలెయ్యి అని ప్రార్థించాడు. బుద్ధి ఉందో పోయిందో తేల్చుకోవడానికి ఆ ప్రార్థననే లాటిన్ పద్యంగా కట్టి చూశాడు. పద్యం కుదిరింది గానీ అంత బాగా రాలేదట. బాగా రాలేదన్న సంగతి తనకే తెలుస్తోంది కాబట్టి బుద్ధికేమీ ఢోకా లేదని ధైర్యం తెచ్చుకున్నాడు! తీరా నోరు తెరిస్తే మాట లేదు.

తెల్లవారాక నౌకరు చేతిలో చీటీ పెట్టాడు. అయ్యగారు ఎదురుగా కూచుని నోటితో చెప్పకుండా కాగితం ఎందుకిస్తున్నారో ఆ నౌకరుకు ఒక పట్టాన అర్థం కాలేదు. రాస్తూంటే చెయ్యి కూడా ఒక అక్షరానికి బదులు ఇంకొకటి రాస్తోంది. ఆయన అదృష్టం కొద్దీ కొద్ది రోజుల్లోనే మాట తిరిగి వచ్చింది. మొదట్లోనే కాస్త స్పష్టంగా పలకగలిగినవాటిల్లో చిన్నప్పటి నుంచీ నోటికి పట్టిన ప్రార్థన ఒకటి. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. దీనితో మళ్ళీ పని ఉంది.

ఇదంతా ఆయనే తన స్నేహితురాలు మిసెస్ థ్రేల్‌కు ఉత్తరంలో రాశాడు. మాట లేనప్పుడు కూడా లోపల మనిషి ఎంత మెలకువగా ఉంటాడో చెప్పడానికి ఆ ఒక్క ఉత్తరం చాలు. అయితే మాట ఎక్కడ ఉంటుందన్నది తేలడానికి ఇంకో 78 ఏళ్ళు పట్టింది.

పారిస్ దగ్గర బిసెత్ర్ అనే పెద్ద ఆసుపత్రి ఉండేది. అందులో లెబోర్న్ అనే రోగి 21 ఏళ్ళుగా ఉంటున్నాడు. చెప్పులు కుట్టేవాళ్ళకు కావలసిన కొయ్య అచ్చులు చెయ్యడం అతని వృత్తి. 30వ ఏట మాట పోయింది. ఆ తరవాత ఏం అడిగినా అతని నోట వచ్చేది ఒకటే ముక్క: "టాన్, టాన్". అందుకని ఆసుపత్రిలో అందరూ అతన్ని టాన్ అనే పిలిచేవాళ్ళు. కొన్నేళ్ళకు కుడి చెయ్యి, ఆ పైన కుడి కాలూ చచ్చుబడ్డాయి. 1861 ఏప్రిల్‌లో ఆ కాలు కుళ్ళితే, శస్త్రచికిత్స చేసే పాల్ బ్రోకా దగ్గరికి తీసుకొచ్చారు.

బ్రోకా అతన్ని, బిసెత్ర్‌లో ఎన్నేళ్ళుగా ఉంటున్నావని అడిగాడు. లెబోర్న్ ఎడమ చేతి అయిదు వేళ్ళూ నాలుగుసార్లు తెరిచి మూసి, ఆఖరికి ఒక్క వేలు చూపించాడు. అంటే ఇరవై ఒకటి. లెక్క సరిపోయింది. గడియారం చూపిస్తే టైము సరిగ్గా చెప్పాడు, వేళ్ళతోనే. తన సైగలు ఎదుటివాడికి అర్థం కాకపోతే మాత్రం మండిపోయేవాడు. ఆ కోపంలో "టాన్" పోయి, ఒక తిట్టు మాత్రం చక్కగా బయటికొచ్చేది! తోటి రోగులకు అతనంటే గిట్టేది కాదు. కక్షగొట్టు మనిషి అనేవాళ్ళు, దొంగ అని కూడా అనేవాళ్ళు. ఇరవై ఒక్క ఏళ్ళు మనసులో మాట ఒక్కటీ బయట పెట్టలేని మనిషి శాంతమూర్తిగా ఎలా ఉంటాడో వాళ్ళు ఆలోచించినట్టు లేదు.

ఏప్రిల్ 17న లెబోర్న్ చనిపోయాడు. మర్నాడే బ్రోకా అతని మెదడును పారిస్‌లోని మానవశాస్త్ర సంఘానికి తీసుకెళ్ళి చూపించాడు. ఎడమ వైపు, నుదుటి భాగంలో కణతకు దగ్గరగా, ఒక చోట మెదడు పాడైపోయి ఉంది. ఆ ఏడు అక్టోబరులో ఇంకో రోగి దొరికాడు. 84 ఏళ్ళ ముసలాయన, పేరు లెలాంగ్. ఆయనకు మిగిలినవి అయిదే అయిదు మాటలు. అవును, కాదు, ఎప్పుడూ అనేవి మూడు. తన పేరులో సగం ముక్క నాలుగోది. అయిదోది మూడు అనే అంకె. ఏ లెక్క అడిగినా నోటితో "మూడు" అనే చెబుతాడు, వేళ్ళు మాత్రం నిజం చెబుతాయి. పిల్లలెంతమంది అంటే "మూడు" అని నాలుగు వేళ్ళు చూపించాడు. మగపిల్లలెంతమంది? "మూడు", రెండు వేళ్ళు. ఆడపిల్లలు? "మూడు", మళ్ళీ రెండు వేళ్ళు. నోటికీ మనసుకీ మధ్య ఎక్కడో తెగిందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆయన మెదడులోనూ ఇంచుమించు అదే చోట దెబ్బ కనిపించింది.

మనం ఎడమ మెదడుతో మాట్లాడతామని బ్రోకా 1865లో తేల్చి చెప్పాడు. చాలామంది విషయంలో ఇది ఇప్పటికీ నిజమే. మన ఒంట్లో కుడి సగాన్ని నడిపించేది ఎడమ మెదడు. అందుకే పక్షవాతంలో మాట పోయినవాళ్ళకు కుడి చెయ్యీ కాలూ పడిపోవడం తరచుగా చూస్తాం.

తరవాత 1874లో కార్ల్ వెర్నికే అనే 26 ఏళ్ళ జర్మన్ డాక్టరు దీనికి రెండో ముఖం చూపించాడు. ఇంకో రకం రోగులుంటారు. వాళ్ళు గడగడా మాట్లాడతారు, ఎక్కడా తడుముకోరు. కానీ ఆ మాటలకు అర్థం ఉండదు. ఎదుటివాళ్ళు చెప్పేదీ సరిగా తలకెక్కదు. వీళ్ళకు దెబ్బ తగిలేది ఎడమ చెవికి పైన, కాస్త వెనగ్గా ఉండే భాగంలో. ఇలాంటివాళ్ళను పిచ్చివాళ్ళ కింద జమ కట్టడం చాలా సులువు. ఈ రెండు చోట్లకీ మధ్య నరాల దారి ఒకటుంటుందనీ, అది తెగినా మాటకు చిక్కేననీ వెర్నికే ఊహించాడు.

లెబోర్న్ మెదడును బ్రోకా కొయ్యకుండా భద్రపరిచాడు. దాన్ని 2007లో ఎం.ఆర్.ఐ. యంత్రంతో పరీక్షించి చూస్తే, దెబ్బ బ్రోకా పైకి చూసినదానికన్నా చాలా లోతుకు, లోపలి నరాల దారుల దాకా వెళ్ళిందని తేలింది. ఇవాళ శాస్త్రజ్ఞులు మాట ఒక్క చోట కాపురముంటుందని అనరు. ఊరిలాగా, అనేక ఇళ్ళూ వాటిని కలిపే వీధులూ ఉంటాయంటారు. ఒక వీధి మూసుకుపోతే చుట్టు తిరిగి వెళ్ళే సందు ఏదైనా దొరకొచ్చు. వైద్యానికి ఉన్న ఆశ అంతా ఆ సందులోనే ఉంది.

ఇంతకీ లెబోర్న్ నోట తిట్టు ఎలా వచ్చింది? జాన్సన్‌కు ప్రార్థన ఎలా వచ్చింది? ఈ చిక్కుముడి పెద్ద కవి ఒకాయన జీవితంలో మరీ విషాదంగా పడింది. ఫ్రెంచి కవి బోదిలేర్‌కు 1866లో బెల్జియంలో పక్షవాతం వచ్చింది. ఒక్కొక్క మాటనూ తూచి తూచి వాడిన ఆ కవికి మిగిలింది ఒక్క తిట్టు ముక్క. "క్రెనోం!" దేవుడి పేరు పెట్టి తిట్టే తిట్టులో అది సగం. సంతోషం వచ్చినా అదే, దుఃఖం వచ్చినా అదే, మంచినీళ్ళు కావాలన్నా అదే. ఆయన్ని చేర్చిందేమో సన్యాసినులు నడిపే ఆసుపత్రిలో! ఆ దైవదూషణ వినలేక వాళ్ళు పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. చివరికి వయసు మళ్ళిన తల్లి వచ్చి కొడుకును అక్కణ్ణించి తీసుకుపోయింది. తరవాత పారిస్‌లో స్నేహితులు వచ్చి పియానో మీద ఆయనకిష్టమైన వాగ్నర్ సంగీతం వాయించేవారు. 1867 ఆగస్టు 31న ఆయన పోయాడు.

ఆ సన్యాసినులకు తెలియని సంగతిని లండన్ వైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్ ఆ రోజుల్లోనే పట్టుకున్నాడు. మనం మాట్లాడేదంతా ఒక రకం మాట కాదన్నాడాయన. ఆలోచించి, ఈ సంగతి ఈ విధంగా చెప్పాలని కూర్చుకునే మాట ఒక రకం. కోపంలో వచ్చే తిట్టు, దెబ్బ తగిలితే వచ్చే "అమ్మా", నోటికి పట్టిన ప్రార్థన ఇంకో రకం. మొదటి రకం పోయినా రెండోది మిగలొచ్చు. కాబట్టి మాట పోయిన పెద్దాయన నోట ఎప్పుడూ వినని తిట్టు వింటే, ఇంటిల్లిపాదీ ఇంత కోపం లోపల పెట్టుకున్నారా అని కుమిలిపోనక్కర్లేదు. అది ఆయన ఏరి తెచ్చిన మాట కాదు, మిగిలి ఉన్న మాట. అంతే.

ఇహ, పోయిన మాటను రప్పించే ప్రయత్నాల సంగతి. పెద్దవాళ్ళ పక్షవాతం కన్నా దీనికి ఎక్కువ ఊపు తెచ్చింది, చెప్పుకోవడానికి బాధగా ఉన్నా, యుద్ధాలే. తలలో తూటాలు దిగి ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు వందలూ వేలుగా మాట పోగొట్టుకుని వచ్చారు. వాళ్ళ ముందు ఇంకా జీవితమంతా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ, ఆస్ట్రియా దేశాల్లో వాళ్ళ కోసం ప్రత్యేకమైన ఆసుపత్రులూ శిక్షణా మొదలయ్యాయి. రెండో యుద్ధంలో రష్యాలో లూరియా అనే వైద్యుడు ఉరల్ కొండల ప్రాంతంలో అలాంటి ఆసుపత్రి నడిపాడు.

ఆయన దగ్గరికి వచ్చినవాడే జసెట్‌స్కీ. ఇంజనీరింగు చదువుతూ యుద్ధానికి వెళ్ళాడు. 1943 మార్చి 2న ఎడమ మెదడు వెనక భాగంలో తూటా దెబ్బ తగిలింది. చదువుకున్నవాడికి అక్షరాలు కూడా గుర్తు లేవు. చిన్నపిల్లాడిలా వర్ణమాల దగ్గర మొదలుపెట్టాడు. పెన్సిలు పట్టుకుంటే ఏ అక్షరం ఎలా ఉంటుందో తోచేది కాదు. ఒకరోజు డాక్టరు, అక్షరం అక్షరం ఆలోచించకు, చెయ్యి ఎత్తకుండా మాట మొత్తం ఒక్క ఊపులో రాసెయ్యి అన్నాడు. రాశాడు! "రక్తం" అనే మాట రాశాడు. కళ్ళకు మరిచిపోయిన అక్షరం చేతికి గుర్తుంది. మనం కొలత చూడకుండా చేత్తో ఉప్పు వేసినట్టన్నమాట. మూసుకుపోయిన వీధి పక్కన సందు అంటే ఇదే.

అలా రాయడం వచ్చినా, తను రాసినది చదవడం మాత్రం అతనికి యాతనే. అయినా పాతికేళ్ళపాటు రోజూ రాస్తూనే ఉన్నాడు, తన జీవితం గురించి, తనకేమైందో దాని గురించి. ఒక్కోరోజు అర పేజీ కూడా సాగేది కాదు. మొత్తం 3 వేల పేజీలైంది. దాని ఆధారంగా లూరియా రాసిన పుస్తకం 1972లో ఇంగ్లీషులోకి కూడా వచ్చింది. నవలలు రాసుకునే నాలాంటివాళ్ళం, ఈ వారం మూడు పేజీలు కూడా కదల్లేదని విసుక్కునేటప్పుడు ఈ మనిషిని తలుచుకుంటే మంచిది.

ఇప్పుడు ఆడవాళ్ళ కథ చెబుతాను. ప్యాట్రీషియా నీల్ హాలీవుడ్‌లో పేరున్న నటి. 1963లో వచ్చిన 'హడ్' సినిమాకు ఆస్కార్ బహుమతి అందుకుంది. 1965 ఫిబ్రవరిలో, 39 ఏళ్ళ వయసులో, కూతురికి స్నానం చేయిస్తూ ఉండగా మెదడులో రక్తనాళం చిట్లింది. అప్పటికి ఆవిడ గర్భవతి కూడాను. మూడు వారాలు స్పృహ లేదు. స్పృహ వచ్చాక చూస్తే కుడి వైపు చచ్చుబడింది, మాట లేదు. ఏ వస్తువును ఏమంటారో తెలియదు. ఒకదాని పేరు అడిగితే ఎక్కడా లేని మాటేదో కల్పించి చెప్పేది. అదే ఏడు ఆగస్టులో పండంటి ఆడపిల్లను కంది. ఇంట్లో అందరూ చిన్నపిల్లలే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఇంటాయనకు మాట పడిపోతే ఇల్లాలు కూచుని చూసుకుంటుంది. మరి ఇల్లాలికే పడిపోతే?

ఆవిడ భర్త రోఆల్డ్ డాల్, పిల్లల పుస్తకాలు రాసిన ప్రసిద్ధ రచయిత. ఇంగ్లండులో వాళ్ళు ఉండేది గ్రేట్ మిసెండెన్ అనే పల్లెలో. ఆసుపత్రివాళ్ళు ఇచ్చే కాస్త శిక్షణ చాలదనిపించి, ఆయన ఇరుగుపొరుగువాళ్ళను పిలిచాడు. వంతులు వేశాడు. గంటకొకరు చొప్పున రావాలి, ఆవిడతో మాట్లాడాలి, మాట్లాడించాలి, చదివించాలి, లెక్కలు చేయించాలి. రోజుకు కొన్ని గంటలపాటు ఇదే కార్యక్రమం. ఆయన పద్ధతి కాస్త కఠినమే. అడిగిన వస్తువు పేరు చెప్పేదాకా అందించేవాడు కాదు. అలసిపోయిన మనిషిని అలా సతాయించడం నాకైతే మింగుడుపడదు. అందరూ అలా చెయ్యాలనీ చెప్పను. కానీ ఆయన పట్టుకున్న అసలు సూత్రం మాత్రం సరైనది. ఆవిడను ఒంటరిగా గోడ కేసి చూస్తూ కూచోనివ్వలేదు.

ఆ వచ్చిన పొరుగువాళ్ళలో ఒకరు వాలరీ ఈటన్ గ్రిఫిత్. ఆవిడ డాక్టరు కాదు, నర్సు కాదు, స్పీచ్ థెరపిస్టు అంతకన్నా కాదు. అయినా నెలల తరబడి ప్యాట్రీషియాతో కూచుంది. ఏం చేస్తే మాట కదులుతుందో చూసుకుంటూ తనే పాఠాలు తయారుచేసుకుంది. 1967 మార్చిలో ప్యాట్రీషియా న్యూయార్క్‌లో వందలమంది ఎదుట నిలబడి ఉపన్యాసం ఇచ్చింది. 1968లో సినిమాలో నటించి మళ్ళీ ఆస్కార్ పోటీలో నిలిచింది. గ్రిఫిత్ తన అనుభవాన్ని 1970లో పుస్తకంగా రాసింది. 1973లో బ్రిటన్‌లో, మాట పోయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వాళ్ళతో కాలం గడిపే స్వచ్ఛంద కార్యకర్తల పథకం ఆవిడ చొరవతోనే మొదలైంది. పొరుగింటి ఆవిడ ఓపిక ఒక దేశానికి పాఠమైంది చూడండి.

అయితే ఓపిక ఒక్కటే చాలదు. దారి కూడా తెలియాలి. అలాంటి దారుల్లో ఒకటి పాట. 1745లోనే స్వీడన్‌లో ఓలోఫ్ డాలిన్ అనే ఆయన ఒక వింత రాశాడు. పక్షవాతంలో మాట పోయిన ఒక యువకుడు, అవును అనడం తప్ప ఇంకేమీ చెప్పలేనివాడు, ఎవరైనా మొదలందిస్తే చర్చిలో పాడే కీర్తనలు మాటలతో సహా పాడేసేవాడట. దాదాపు 230 ఏళ్ళ తరవాత, 1973లో, అమెరికాలోని బోస్టన్‌లో ముగ్గురు వైద్య నిపుణులు దీన్నే ఒక చికిత్సగా మలిచారు. "మంచినీళ్ళు కావాలి" లాంటి చిన్న మాటను చిన్న రాగంలా సాగదీసి పలికించడం, ఎడమ చేత్తో తాళం వేయించడం, రాగాన్ని క్రమంగా తగ్గిస్తూ మామూలు మాటలోకి తీసుకురావడం. ఇది అందరికీ పనిచెయ్యదు. అర్థం చేసుకోగలిగి, చెప్పలేకపోతున్నవాళ్ళకే ఎక్కువ ఉపయోగం. పైగా పాట వచ్చినంత మాత్రాన మాట వచ్చినట్టు కాదు. కానీ నోరే తెరవని మనిషి పాత కీర్తన ఒక్క చరణం అందుకుంటే, అంకెలో వారాల పేర్లో వరసగా అప్పజెబితే, ఆ మొహంలో వచ్చే వెలుగు ఉంది చూశారూ, మిగతా ప్రయత్నానికి అది పెట్టుబడి.

మనకు ఇంకో ప్రశ్న ఉంది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు, బజారులో హిందీయో ఉర్దూయో మాట్లాడే మనలాంటివాళ్ళకు మాట పోతే ఏ భాష ముందు తిరిగొస్తుంది? 1895లో పీత్ర్ అనే ఫ్రెంచి వైద్యుడు, బాగా అలవాటున్న భాషే సాధారణంగా ముందు వస్తుందన్నాడు. దీనికి మినహాయింపులూ చాలా ఉన్నాయి. ఈ రెండూ మూడూ భాషల గొడవ మీద మన హైదరాబాదులోనే మంచి పరిశోధన జరిగింది. నిమ్స్ ఆసుపత్రిలో పక్షవాతం వచ్చిన 608 మంది వివరాలు పరిశీలించి, డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2016లో ఫలితాలు ప్రకటించింది. స్ట్రోక్ తరవాత జ్ఞాపకం, ఆలోచన వంటివి మామూలుగా నిలబడినవాళ్ళు, ఒకే భాష వచ్చినవాళ్ళలో నూటికి 20 మంది అయితే, ఒకటికన్నా ఎక్కువ భాషలు వచ్చినవాళ్ళలో 40 మంది. కానీ మాట పోవడం మాత్రం ఇద్దరిలోనూ ఇంచుమించు సమానమే. ఎన్ని భాషలొచ్చినా మాటకు గండం తప్పదన్నమాట, కానీ దాన్ని తట్టుకునే బలం మిగతా మెదడుకు కొంత వస్తుందేమోనని ఆశ.

మరి ఎన్నాళ్ళు ప్రయత్నించాలి? మొదటి కొన్ని నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది. అందుకని ఆర్నెల్లు దాటితే ఇహ ఇంతే అనుకోవడం పరిపాటి. 2017లో జర్మనీవాళ్ళు దీన్ని పరీక్షకు పెట్టారు. మాట పోయి ఆర్నెల్లు దాటిన 156 మందిని తీసుకుని, వారానికి పది గంటలకు తగ్గకుండా మూడు వారాలు గట్టి శిక్షణ ఇచ్చారు. రోజువారీ మాట తీరు మెరుగుపడింది. పూర్తిగా మునుపటిలా అయిపోయారని కాదు. కానీ తలుపు మూసుకుపోలేదని రుజువైంది.

వారానికి పది గంటలు! వంటా వార్పూ, మందులూ, మంచం దగ్గర చాకిరీ, వచ్చేపోయేవాళ్ళకు కాఫీలూ, వీటి మధ్య ఒక్క ఇల్లాలు పది గంటలు ఎక్కణ్ణించి తెస్తుంది? తేలేదు. తెమ్మనడం అన్యాయం. అందుకే గ్రేట్ మిసెండెన్ పొరుగువాళ్ళ కథ నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. స్పీచ్ థెరపిస్టు ఉన్న ఊరైతే తప్పకుండా చూపించాలి. ఏ రకం దెబ్బో తేల్చి ఏ దారి పట్టాలో చెప్పగలిగేది వాళ్ళే. కానీ వాళ్ళు చెప్పిన అభ్యాసం రోజూ సాగాలంటే పదిమంది చేతులు కావాలి. కూతురొక గంట, కోడలొక గంట, మనవడు బడి నుంచి వచ్చాక అరగంట, పక్కింటి రిటైరైన మాస్టారు ఒక గంట. అలా పంచుకుంటే పది గంటలు పెద్ద లెక్క కాదు.

ఆ గంటలో ఏం చెయ్యాలంటారా? టీవీ కట్టెయ్యండి. ఎదురుగా కూచోండి. ఒకేసారి నాలుగు సంగతులు కాకుండా ఒక్కటే అడగండి. అవును, కాదు అనో, తల ఊపో జవాబు చెప్పగలిగేలా అడగండి. అడిగాక ఆగండి. ఆగడం అన్నిటికన్నా కష్టం. మన నోళ్ళు ఊరుకోవు, ఆయన మాట కోసం తడుముకుంటూండగానే మనం అందించేస్తాం. వేలు చూపించినా, బొమ్మ గీసినా, తలుపు కేసి చూసినా అదీ మాటే అనుకోండి. ఆయన ఎదుటే ఆయన గురించి, ఆయన లేనట్టు మాట్లాడకండి.

ఇంకొక్క ముఖ్యమైన సంగతి. హఠాత్తుగా మాట ముద్దయినా, ఆగిపోయినా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పైకి లేవకపోయినా అది ఇంట్లో కూచుని తేల్చుకునే వ్యవహారం కాదు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. రక్తం గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమైతే, దాన్ని కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. పసరు వైద్యాలకూ, రేపు పొద్దున్న చూద్దామనడానికీ అందులో చోటు లేదు.

ఆ వేళ దాటిపోయి, మనిషి మాట లేకుండా ఇంటికి వచ్చాడే అనుకోండి. మీరు చూడ్డానికి వెడతారు. డజను బత్తాయిలో హార్లిక్స్ సీసాయో పట్టుకెడతారు. పట్టుకెళ్ళండి, తప్పులేదు. కానీ వాటిని బల్ల మీద పెట్టి, "మనుషుల్ని గుర్తు పడుతున్నారా?" అని ఆవిడను అడగబోయే ముందు, కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూచోండి. ఆవిడను వెళ్ళి ఓ గంట నడుం వాల్చమనండి. ఆయన వైపు తిరిగి, "బాబాయ్ గారూ, మీకు పిల్లలెంతమందండీ?" అని అడగండి. నోరు ఏ అంకె చెప్పినా సరే, వేళ్ళ కేసి చూడండి.